పన్నెండున్నర వోల్టులు ఉన్నాయి, అయినా ఏసీ లేదు

హ్యూస్టన్‌లో జూలై నెలాఖరు మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. లేనివాళ్ళు మే నెలలో విజయవాడ బస్టాండ్‌లో నిలబడి, చుట్టూ ఇడ్లీపాత్ర మూత పెట్టినట్టు ఊహించుకోండి. అలాంటి రోజున పాపని ఈత క్లాసు నుంచి తీసుకొస్తున్నాను. కారు ఎక్కగానే ఫ్యాన్ ఫుల్‌కి తిప్పాను. రెండు నిమిషాలు చల్లగా వచ్చింది. తర్వాత ‘టక్’మని చిన్న చప్పుడు, ఏసీ స్క్రీన్ నల్లబడింది, గాలి ఆగిపోయింది. ఆరేడు సెకన్లకి మళ్ళీ వెలిగింది, గాలి వచ్చింది, మళ్ళీ ఆగింది. ఇంటికి చేరేలోపు కనీసం పదిసార్లు ఇదే తంతు. అద్దాలు దించితే వేడిగాలి. వెనకసీట్లో చిన్నదాని మొహం టమాటాలా అయిపోయింది.

మామూలు రోజుల్లో అయితే మా వారితో "ఏమండీ, ఏసీ పోయింది, బాగుచేయించండి" అని ఊరుకునేదాన్ని. అవి మామూలు రోజులు కావు. జూన్ చివర్లో ఆయన ఉద్యోగం పోయింది. ఆ ‘అరవై రోజులు’ అంటే ఏమిటో ఈ పత్రిక చదివే చాలామందికి వివరించనవసరం లేదు. క్యాలెండర్‌లో ఒక్కో రోజూ కొట్టేసుకుంటూ వస్తున్నాం. నాకా, హెచ్-4. మా ఐ-140 కాలేదు కాబట్టి ఈఏడీ లేదు. ఇంట్లో ఒకటే కారు, 2013 మోడల్. ఒకవేళ వెళ్ళిపోవాల్సి వస్తే దాన్ని అమ్మాలి. టెక్సాస్‌లో ఏసీ లేని కారు ఎవరు కొంటారు? అమ్మకపోయినా, రెండు వారాల్లో ఆయన డాలస్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళాలి. నాలుగు గంటలు డ్రైవింగ్, ఇస్త్రీ చొక్కాతో.

దగ్గర్లో ఉన్న ఒక గరాజ్‌కి తీసుకెళ్ళాం. పేరెందుకు లెండి. అతను మర్యాదస్తుడే, మోసం చేశాడని నేను అనను. గ్యాస్ చూశాడు, సరిగ్గానే ఉంది. కంప్రెసర్ బాగుంది. కంప్యూటర్ పెట్టి కోడ్ తీశాడు. క్లైమేట్ కంట్రోల్ మాడ్యూల్‌లో ‘యు3003-16’ అని వచ్చింది. మాడ్యూల్ కనెక్టర్ ఊడదీసి మీటరు పెట్టి చూశాడట, పన్నెండున్నర వోల్టులు వస్తున్నాయి. "కరెంటు వస్తోంది, డబ్బా పనిచేయట్లేదు, కాబట్టి డబ్బా మార్చాలి" అన్నాడు. కొత్త మాడ్యూల్, దాన్ని మా కారుకి ప్రోగ్రామ్ చేయడం, కూలీ కలిపి 1,180 డాలర్లు. చూసినందుకు 160.

నూట అరవై కట్టి బయటికొచ్చాం. దారిలో మా వారు ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "మార్పిద్దాంలే" అన్నారు. ఆ ‘లే’ నాకు నచ్చలేదు.

రాత్రి అందరూ పడుకున్నాక ఆ గరాజ్ కాగితం తీసి చదివాను. యు3003 అంటే బ్యాటరీ వోల్టేజ్‌కి సంబంధించిన కోడ్. చివర ఉన్న 16 అంటే సర్క్యూట్‌లో వోల్టేజ్ ఉండాల్సిన హద్దు కన్నా తక్కువగా ఉందని. 17 అయితే ఎక్కువగా ఉందని. అంటే ఆ మాడ్యూల్ తను చెడిపోయానని చెప్పడం లేదు. ‘నాకు సరిపడా వోల్టేజ్ అందడం లేదు’ అని మొరపెట్టుకుంటోంది. ఆకలేసి ఏడుస్తున్న పిల్లాడికి జ్వరం మందు పోసినట్టుంది ఈ వైద్యం.

నేను బీఎస్సీ ఎంపీసీ. పన్నెండేళ్ళయింది డిగ్రీ పూర్తయి. ఆ డిగ్రీతో ఇంతవరకూ చేసింది పాపకి ఇంద్రధనుస్సు ఎలా వస్తుందో చెప్పడం ఒక్కటే. అయినా ఆ రాత్రి ఒకటి గుర్తొచ్చింది. మా ల్యాబ్‌లో పొటెన్షియోమీటర్ ప్రయోగం. సెల్ నుంచి కరెంటు తీయకుండా కొలిస్తే ఒక వోల్టేజ్, కరెంటు తీస్తూ కొలిస్తే ఇంకో వోల్టేజ్. రెండింటి తేడా నుంచి అంతర్నిరోధం లెక్కగట్టాలి. కనెక్టర్ ఊడదీసి కొలిచాడన్న మాట చెవిలో అందుకే గుచ్చుకుంది.

మరునాడు నుంచి ఒక పని చేశాను. వంటింట్లో పాలవాడి లెక్కలాగా (ఇక్కడ పాలవాడు లేడనుకోండి) ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. ఎప్పుడు ఆగింది, ఫ్యాన్ ఎంతలో ఉంది, ఎండ ఎలా ఉంది, గతుకుల రోడ్డా, బండి కదులుతోందా ఆగి ఉందా. మూడు రోజుల్లో తేలిపోయింది. గతుకులతో సంబంధం లేదు. ఎండతో సంబంధం లేదు. తెల్లవారుజామున కూడా ఆగింది. ఫ్యాన్ ఒకటి నుంచి ఐదు దాకా ఎంతసేపైనా నడుస్తుంది. ఆరుకి తిప్పగానే పోతుంది. ముఖ్యంగా సిగ్నల్ దగ్గర ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు.

మీ కారులో ఇలాంటి వచ్చీపోయే జబ్బు ఏదైనా ఉంటే, మీటరు కొనే ముందు ఈ నోట్‌బుక్ మొదలుపెట్టండి. మెకానిక్ దగ్గరున్న అరగంటలో జబ్బు కనిపించకపోవచ్చు. మీరు రోజూ దాంతో కాపురం చేస్తున్నారు.

మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో సెల్ఫ్, డైనమో రిపేరు షాపు. ముప్ఫై ఏళ్ళుగా లారీల వైరింగ్ చేస్తున్నాడు. మాకు ఉదయం తొమ్మిదైతే అక్కడ రాత్రి ఏడున్నర, షట్టర్ దించే వేళ. వాట్సాప్‌లో ఫోన్ చేసి అంతా చెప్పాను. ఉద్యోగం సంగతి చెప్పలేదు.

"ఫ్యాన్ పెంచితే పోతందా?" అన్నాడు.

"అవును బాబాయ్."

"డబ్బా కాదమ్మా, ఎర్త్ చూడు."

"ఎలా చెప్తున్నావ్, చూడకుండా?"

"లారీలో హెడ్‌లైట్ వేస్తే హారన్ మోగదు. హారన్ పోయిందని కొత్తది కొంటారు. రెండిటికీ ఎర్త్ ఒకటే ఉంటది, అది తుప్పు పట్టి ఉంటది. మీటరు పెడితే అన్నీ బాగానే ఉన్నట్టు చూపిద్ది. మీటరు అబద్ధం చెబుద్ది అమ్మాయ్, బల్బు చెప్పదు. నేను బల్బు పెట్టి చూస్తా. నువ్వు మాత్రం ఆ కంప్యూటర్ డబ్బాలకి బల్బు పెట్టమాక, మాడిపోతాయి. బ్లోయరే నీ బల్బు అనుకో. అది నడుస్తుండగా కొలువు."

మనం అమెరికాలో ‘గ్రౌండ్’ అనేదాన్నే మనవాళ్ళు ఎర్త్ అంటారు. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక లావు వైరు కారు బాడీకి బిగించి ఉంటుంది. ఆ తర్వాత ఏ పరికరమైనా తన నల్లవైరుని దగ్గర్లో ఉన్న ఇనపరేకుకి బోల్టుతో బిగించేసుకుంటుంది. కారు బాడీ అంతా ఒక పెద్ద తిరుగువైరన్న మాట. వెళ్ళే దారి ఎంత ముఖ్యమో తిరిగొచ్చే దారీ అంతే ముఖ్యం. మనం మాత్రం వెళ్ళే దారిలో ఫ్యూజులు చూసి ఊరుకుంటాం.

మీటరు అబద్ధం చెప్పదు నిజానికి. అడిగినదానికి జవాబు చెబుతుంది, అంతే. డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు. అంటే అది కొలిచేటప్పుడు వైరులోంచి దాదాపు కరెంటే తీసుకోదు. కరెంటు లేనప్పుడు తుప్పు పట్టిన జాయింట్ దగ్గర వోల్టేజ్ ఏమీ తరగదు, ఓమ్ నియమం ప్రకారం సున్నాతో దేన్ని గుణించినా సున్నాయే. వంద పోగుల వైరులో తొంభై తొమ్మిది తెగిపోయి ఒక్క పోగు మిగిలినా మీటరు పన్నెండున్నర అనే చూపిస్తుంది. ఆ ఒక్క పోగు మీద ఇరవై ఆంపియర్లు పంపితే అప్పుడు తెలుస్తుంది దాని బండారం. గరాజ్‌లో అతను మాడ్యూల్ ఊడదీసి కొలిచాడు. మాడ్యూల్ లేకపోతే బ్లోయర్ తిరగదు. బ్లోయర్ తిరగకపోతే కరెంటు లేదు. కాబట్టి జబ్బూ లేదు!

కారు వైరింగ్ బొమ్మ కావాలి. దీనికి ఒక చిట్కా. ఇక్కడ చాలా పబ్లిక్ లైబ్రరీలు కార్ల రిపేర్ డేటాబేస్‌లకి చందా కట్టి ఉంటాయి. లైబ్రరీ కార్డు నంబరు కొడితే ఇంట్లోంచే చూడొచ్చు. మా కౌంటీ లైబ్రరీలో మా కారు మోడల్ బొమ్మలు దొరికాయి. పాప కథల పుస్తకాల కోసం తీసుకున్న కార్డు అది. బొమ్మ చూస్తే బాబాయి మాట అక్షరాలా నిజం. మాడ్యూల్‌కీ బ్లోయర్ మోటారుకీ ఎర్త్ పాయింట్ ఒకటే.

ఇరవై డాలర్లు పెట్టి మల్టీమీటర్, ఎనిమిది డాలర్లకి పొడుగు వైరూ క్రొకడైల్ క్లిప్పులూ కొన్నాను. మా అపార్ట్‌మెంట్ లీజులో పార్కింగ్‌లో కార్లు బాగుచేసుకోకూడదని ఒక వాక్యం ఉంది. అందుకని లీజింగ్ ఆఫీసు మూసేశాక, సాయంత్రం ఏడింటికి మొదలుపెట్టాం. ‘మాం’ అంటే నేనూ, టార్చి పట్టుకోడానికి పాపా. మా వారు ఫోన్‌లో ఎవరో రిక్రూటర్‌తో మాట్లాడుతూ బాల్కనీలోంచి అప్పుడప్పుడూ అనుమానంగా చూస్తున్నారు.

మొదటి రోజు ఘోరంగా జరిగింది. డాష్‌బోర్డ్ పక్క ప్యానెల్ తీసి, మాడ్యూల్ కనెక్టర్ వెనకనుంచి ప్రోబ్ పెడుతుంటే చెయ్యి జారింది. కరెంటున్న పిన్ను నుంచి పక్కనున్న ఇనుముకి తగిలి చిన్న మెరుపు. అంతే, రేడియో, ఏసీ అన్నీ చచ్చిపోయాయి. వెయ్యి డాలర్ల డబ్బాని నేనే చంపేశానని చెమటలు పట్టాయి. మా వారికి చెప్పకుండా ఫ్యూజు బాక్స్ తెరిచి చూస్తే ఎర్రది ఒకటి, పది ఆంపియర్లది, కాలింది. కొత్తది పెడితే అన్నీ బతికాయి. ఫ్యూజు కనిపెట్టినవాడి కాళ్ళకి దణ్ణం పెట్టొచ్చు. ఆ రోజుకి మూసేసి లోపలికెళ్ళి ఉప్మా చేశాను.

రెండో రోజు ప్రోబ్ కొన మాత్రమే బయటుంచి మిగతాదంతా ఇన్సులేషన్ టేపు చుట్టాను. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు పార్క్‌లో పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేశాను. పొడుగు వైరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి క్లిప్ పెట్టి, ఇంజన్ ఫ్యాన్‌కీ బెల్టుకీ తగలకుండా కిటికీలోంచి లోపలికి తెచ్చి మీటరు నల్లతీగకి తగిలించాను. ఎర్రతీగ మాడ్యూల్ ఎర్త్ పిన్ను మీద. అంటే ఒకే ఎర్త్‌కి రెండు కొసల మధ్య కొలుస్తున్నానన్న మాట. వైరు బాగుంటే ఇక్కడ దాదాపు సున్నా రావాలి. పదోవంతు వోల్టు దాటితే అనుమానించాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 ఉంది, అది ఆరోగ్యమే. ఆల్టర్నేటర్ మీద అనుమానం పోయింది.

పాపకి మీటరు ఇచ్చి అంకెలు చదవమన్నాను.

ఫ్యాన్ ఒకటిలో: "జీరో పాయింట్ సిక్స్ అమ్మా."

మూడులో: "వన్ పాయింట్ సెవెన్."

ఐదులో: "త్రీ పాయింట్ వన్."

ఆరుకి తిప్పాను. "ఫోర్ పాయింట్ త్రీ... అమ్మా, జీరో అయిపోయింది!" టక్‌మంది, స్క్రీన్ నల్లబడింది.

పార్కింగ్‌లో నేను గట్టిగా అరిచినట్టున్నాను, ఎదురింటి స్పానిష్ ఆవిడ కిటికీ తెర తీసి చూసింది.

ఎందుకంత సంబరమో చెబుతాను. 13.8 లోంచి 4.3 ఎర్త్‌లోనే పోతే మాడ్యూల్‌కి మిగిలేది తొమ్మిదిన్నర. చాలా మాడ్యూళ్ళు తొమ్మిది, పది వోల్టుల దగ్గర తమని తాము కాపాడుకోడానికి ఆగిపోతాయి. మాడ్యూల్ ఆగితే బ్లోయర్ ఆగుతుంది. బ్లోయర్ ఆగితే ఎర్త్‌లో కరెంటు ఉండదు, పోయిన వోల్టేజ్ తిరిగొస్తుంది. వోల్టేజ్ రాగానే మాడ్యూల్ లేస్తుంది, బ్లోయర్‌ని మళ్ళీ ఆరులో తిప్పుతుంది, మళ్ళీ పడిపోతుంది. ఆరేడు సెకన్లకోసారి వచ్చే ఆ ‘టక్’ ఇదే. సిగ్నల్ దగ్గర ఎక్కువెందుకు ఆగేదో కూడా తెలిసింది, అక్కడ ఆల్టర్నేటర్ ఇచ్చేదే కాస్త తక్కువ.

వెళ్ళేదారి కూడా కొలిచాను, పద్ధతి కోసం. బ్యాటరీ పాజిటివ్ నుంచి మాడ్యూల్ పవర్ పిన్నుకి, ఫ్యాన్ ఐదులో, పదోవంతు వోల్టు. ఆ వైపు శుభ్రం.

ఇంకో సంగతి. మీటర్‌ని ఓమ్‌లలో పెట్టి ఆ ఎర్త్ వైరు కొలిస్తే దొరికేది కాదా అని అడగొచ్చు. దొరికేది కాదు. బ్లోయర్ ఆరులో ఓ ఇరవై ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే నిరోధం ఓమ్‌లో ఐదోవంతు. చవక మీటర్ల తీగలకే అంత నిరోధం ఉంటుంది. నడుస్తుండగా కొలిచే పద్ధతికి విలువ అందుకే.

ఇక ఆ బోల్టు ఎక్కడుందో చూడాలి. బొమ్మ ప్రకారం ముందు ప్యాసింజర్ కాళ్ళ దగ్గర, తలుపు వైపు ప్లాస్టిక్ ప్యానెల్ వెనక. దాన్ని తీద్దామని కార్పెట్ మీద చెయ్యి వేశాను. తడి! పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. ఆ సీట్లో మా వారు బూట్లతో కూర్చుంటారు, ఆయనకి తెలియలేదు. వెనక సీట్లో ఉండే పాప మాత్రం "నేను ఎప్పుడో చెప్పాను కదా, కారు కుక్క వాసన వస్తోందని" అంది. చెప్పింది నిజమే. బియ్యం బస్తా తెచ్చినప్పుడు ఏదో కారిందనుకుని అగరొత్తి కవరు సీటు కింద పెట్టాను.

ఏసీ గాలిలోని తేమని నీళ్ళు చేస్తుంది, ఆ నీళ్ళు ఒక రబ్బరు గొట్టంలోంచి కారు కిందకి కారతాయి. హ్యూస్టన్ తేమకి ధారలాగా కారాలి. మా కారు కింద చూస్తే నేల పొడిగా ఉంది. గొట్టం మూసుకుపోయింది. ఆకులు, మట్టి. నీళ్ళు లోపలికి మళ్ళి, కార్పెట్ తడిపి, ఆ తేమకి బోల్టు తుప్పుపట్టింది. అంటే మా ఏసీని చంపుతున్నది మా ఏసీ నీళ్ళే.

ఆ మూల ఎయిర్‌బ్యాగ్ వైర్లు కూడా పోతుంటాయి, పసుపు రంగు కనెక్టర్లవి. వాటి జోలికి పోకూడదు. ముందు ఇంజన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి, పదిహేను నిమిషాలు ఆగాను. ఆ పదిహేను నిమిషాల్లో పాపకి అన్నం పెట్టాను. మీది హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ కారైతే నారింజ రంగు వైర్లు కనిపిస్తే అక్కడే ఆగిపోండి, అవి వందల వోల్టులు. అది మన పని కాదు.

ప్యానెల్ వెనక ఒకే బోల్టు కింద నాలుగు వైర్ల కొసలు. ఆకుపచ్చ, తెలుపు బూజు. పక్కనున్న ప్లాస్టిక్ తొడుగు గోధుమరంగుకి మాడి ఉంది. 4.3 వోల్టులు ఇరవై ఆంపియర్లతో గుణిస్తే 86 వాట్లు. ఒక పాతకాలపు వంద క్యాండిల్ బల్బు దాదాపు, రోజూ మా కార్పెట్ వెనక వెలుగుతోందన్న మాట. సంబరం అక్కడ తగ్గిపోయింది. కొత్త మాడ్యూల్ వేయించి ఉంటే అది కూడా అలాగే ఆగేది, ఈ బోల్టు మాత్రం మాడుతూనే ఉండేది. పాప కాళ్ళు ఊపుతూ కూర్చునే సీటుకి ఒక అడుగు దూరంలో.

తీగబ్రష్, గరుకు కాగితంతో నాలుగు కొసల్నీ, రేకునీ తెల్లగా మెరిసేదాకా రుద్దాను. బిగించాను. కారు కిందకి దూరి రబ్బరు గొట్టంలో మెత్తటి తీగ పెట్టి కదిపితే గ్లాసుల కొద్దీ నల్లటి నీళ్ళు చెయ్యంతా తడిపేశాయి. కార్పెట్ ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. ఇంట్లోని టేబుల్ ఫ్యాన్ ఎక్స్‌టెన్షన్ వైరుతో కారులో పెట్టాను, అది ఎవరూ లీజు వాక్యం కిందికి తేలేదు.

మళ్ళీ కొలిచాం. ఫ్యాన్ ఆరులో: "జీరో పాయింట్ జీరో ఫైవ్ అమ్మా. ఇప్పుడు పోదా?" ఏడుకి తిప్పాం. పోలేదు. పావుగంట అలాగే కూర్చున్నాం ఇద్దరం, చలికి వణుకుతూ.

అన్ని వోల్టేజ్ కోడ్‌లూ ఎర్త్ వల్లే రావు. బ్యాటరీ ముసలిదైనా, ఆల్టర్నేటర్ బలహీనమైనా ఇదే కోడ్ రావచ్చు, అందుకే ముందు బ్యాటరీ దగ్గర కొలవాలి. ఇంజన్ ఆపి కొన్ని గంటలు ఉంచితే 12.6 దగ్గర, నడుస్తుంటే 13.7 నుంచి 14.7 మధ్య ఉండటం మామూలు. కొన్నిసార్లు మాడ్యూల్ తన సెన్సర్లకి పంపే ఐదు వోల్టులు పడిపోతాయి, అప్పుడు సెన్సర్ల కనెక్టర్లు ఒక్కొక్కటీ తీస్తూ ఏది తీస్తే ఐదు తిరిగొస్తుందో చూడాలి. నిజంగా మాడ్యూలే పోయే సందర్భాలూ ఉంటాయి. వెళ్ళేదారీ, వచ్చేదారీ నడుస్తుండగా కొలిచి, రెండూ బాగున్నాక ఆ మాట అనాలి. గరాజ్‌కి వెళ్ళినా మీరు ఒక్క ప్రశ్న అడగండి చాలు: "లోడ్ మీద వోల్టేజ్ డ్రాప్ చూశారా?" మొహం మారిపోతుంది.

ఆ రాత్రి మా వారికి నోట్‌బుక్ చూపించాను. అంకెలన్నీ చదివారు. "నువ్వు ఇంత రాసుకున్నావా?" అన్నారు. తర్వాత చాలాసేపటికి "ఈ రెజ్యూమే కూడా ఒకసారి చూసి పెట్టు, ఎక్కడ లీకవుతోందో" అన్నారు. నెలరోజుల్లో ఆయన వేసిన మొదటి జోకు అది. డాలస్‌కి ఏడులో ఫ్యాన్ పెట్టుకుని వెళ్ళొచ్చారు. జవాబు రావడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది, ఆ తొమ్మిది రోజుల సంగతి వేరే రాయాలి. ప్రస్తుతానికి మేం ఇక్కడే ఉన్నాం, కారూ ఉంది.

బాబాయికి బోల్టు ఫోటోలు పంపాను, ముందుదీ, తర్వాతదీ. మెచ్చుకుంటాడనుకున్నాను. అరగంటకి వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనక లారీ హారన్లు:

"బానే తోమావు. నట్టు కింద పళ్ళ వాషర్ వేశావా? వెయ్యకపోతే ఆర్నెల్లకి మళ్ళీ వస్తది."

వెయ్యలేదు. శనివారం హార్డ్‌వేర్ షాపుకెళ్ళి కొనుక్కొచ్చాను. మళ్ళీ ప్యానెల్ ఊడదీయాలి.